పక్షులకు సర్వీసు రిజిస్టరు రాసిన ఉద్యోగి – లాన్స్ రిచ్‌డేల్

మహనీయుల జీవిత చరిత్ర అనగానే మనకు దేశనాయకులు, కవులు, సంఘ సంస్కర్తలు గుర్తుకు వస్తారు. వారిని గురించి రాసే మిత్రులు ఎందరో ఉన్నారు. ఈ ప్రత్యేక సంచికకు నేను మనవంటి ఒక ఉద్యోగి కథ ఎంచుకున్నాను. ఆయన పేరు లాన్స్‌లాట్ ఎరిక్ రిచ్‌డేల్. లాన్స్ రిచ్‌డేల్ అంటే అందరికీ తెలుస్తుంది. దేశం న్యూజిలాండు. నెల జీతం మీద సంసారం గడుపుకున్న మనిషి. శని ఆదివారాల్లో, సెలవు రోజుల్లో సముద్రపక్షుల వెంట తిరిగి, వాటికి అంకె వేసిన గుర్తులు తొడిగి, ఒక్కొక్క పక్షికి ఒక్కొక్క ఖాతా తెరిచి రాసుకున్నారు. ఆ రాతల వల్ల ఆయన ప్రపంచ ప్రసిద్ధులైనారు. న్యూజిలాండులో సముద్రపక్షుల ప్రస్తావన వస్తే ఈనాటికీ ఆయన పేరు చెప్పుకోకుండా ఉండరు.

సర్వీసు రిజిస్టరు అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. పుట్టిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ, ఇంక్రిమెంట్లు, సెలవులు, బదిలీలు, చివరకు పదవీ విరమణ, అన్నీ అందులో వరుసగా ఉండాలి. నడుమ కొన్నేళ్ళు రాయకపోతే ఆ ఉద్యోగి అన్నేళ్ళు పనిచేసినట్టే లెక్కకు రాదు. రిచ్‌డేల్ గారు పక్షులకు చేసినది సరిగ్గా ఈ పనే. ఏ పక్షి ఎప్పుడు వచ్చింది, ఎవరితో జత కట్టింది, గుడ్డు ఏ రోజున పెట్టింది, పిల్ల ఏ రోజున ఎగిరిపోయింది, మరుసటి ఏడు తిరిగి వచ్చిందా లేదా అని ఏళ్ళ తరబడి రాశారు.

ఉద్యోగం

రిచ్‌డేల్ 1900 జనవరి 4న న్యూజిలాండులో జన్మించారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో హాక్స్‌బరీ వ్యవసాయ కళాశాలలో చదువుకున్నారు. స్వదేశం తిరిగివచ్చి ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించారు. 1928లో దక్షిణ దీవిలోని డునెడిన్ నగరానికి వచ్చి, ఒటాగో విద్యా బోర్డులో వ్యవసాయ బోధకుడుగా చేరారు. ఒక బడిలో కూర్చుని పాఠం చెప్పే ఉద్యోగం కాదది. జిల్లాలోని బడులన్నీ వరుసగా తిరిగి, పిల్లల చేత తోటలు వేయించడం, మొక్కల గురించీ ప్రకృతి గురించీ చెప్పడం ఆయన విధి. మన వైపు మాటలో చెప్పాలంటే నిత్యం క్యాంపుల్లో ఉండే ఉద్యోగం. ఉద్యోగ జీవితమంతా ఆయన ఇదే పనిలో ఉన్నారు.

పక్షుల పని ఉద్యోగంలో భాగం కాదు. దానికి జీతం లేదు, భత్యం లేదు. 1936 నాటికి ఆయన వయస్సు 36 ఏళ్ళు. ఆ వయస్సులో మనలో చాలామందికి పిల్లల చదువులు, ఇంటి అప్పులు, ప్రమోషను ఎప్పుడు వస్తుందనే ధ్యాస తప్ప మరొకటి ఉండదు. ఆయన మాత్రం ఆ ఏడు డునెడిన్ పక్కనున్న ఒటాగో ద్వీపకల్పం మీద పసుపు కళ్ళ పెంగ్విన్లను పరిశీలించడం మొదలుపెట్టారు. ఆ పని 1954 దాకా, అంటే 18 సంవత్సరాలు సాగింది.

కొండకొన మీద గుడ్డు

ఒటాగో ద్వీపకల్పం చివర టైయరోవా హెడ్ అనే కొండకొన ఉన్నది. కింద ఓడరేవు ముఖద్వారం, పైన 1864లో కట్టిన దీపస్తంభం, రష్యా నౌకలు దాడికి వస్తాయన్న భయంతో 1880లలో కట్టిన పాత కోట. ఎప్పుడూ గాలి వీచే ఆ కొన మీదికి రాయల్ ఆల్బట్రాస్ అనే మహా పక్షులు రావడం మొదలైంది. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 3 మీటర్లు. ఈ జాతి పక్షుల్లో అత్యధిక భాగం న్యూజిలాండుకు తూర్పున చాలా దూరాన, నడిసముద్రంలో ఉన్న చాతం దీవుల దగ్గర గూళ్ళు పెడతాయి. అవి ఊరికి దగ్గరగా, ప్రధాన భూభాగం మీదికి రావడం విశేషం.

టైయరోవా హెడ్ మీద మొదటి గుడ్డు 1920లో కనిపించింది. కాని ఆ పక్షులకు అక్కడ రక్షణ లేకపోయింది. గుడ్లను మనుషులు ఎత్తుకుపోయేవారు, పాడు చేసేవారు. కుక్కల బెడద ఉండేది. కుందేళ్ళను అదుపు చేయడానికని విదేశాల నుంచి తెచ్చి వదిలిన ఫెర్రెట్, స్టోట్ అనే ముంగిస వంటి జంతువుల వల్ల మరింత ప్రమాదం. ఏళ్ళు గడిచినా అక్కడ పుట్టిన పిల్ల ఒక్కటి కూడా రెక్కలు వచ్చి ఎగిరిపోలేదు.

రిచ్‌డేల్ గారు 1936లో ఈ విషయం మీద దృష్టి పెట్టారు. 1937లో మళ్ళీ గుడ్డు పడింది. ఈసారి ఆయన దాన్ని వదలలేదు. వీలు చిక్కినప్పుడల్లా కొండకొన మీదే ఉండి, అక్కడే గుడారం వేసుకుని కాపలా కాశారు. ఈ కాపలా ఎంత సుదీర్ఘమైనదో గ్రహించాలంటే ఆ పక్షి జీవితం కొంత తెలియాలి. అది పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. ఆలుమగలు వంతుల వారీగా పొదిగితే అది పిల్ల కావడానికి సుమారు 79 రోజులు. ఆ పిల్ల పెరిగి ఎగరడానికి మరో 8 నెలలు. గుడ్డు పడింది మొదలు పిల్ల ఎగిరేదాకా మొత్తం 10 నెలల పైమాట. ఈ మధ్యలో ఏ ఒక్క రాత్రి ఒక కుక్క వచ్చినా అంతవరకూ పడిన శ్రమ వృథా. 1938 సెప్టెంబరులో ఆ పిల్ల కొండకొన మీద నుంచి గాలిలోకి లేచి సముద్రం మీదికి వెళ్ళిపోయింది. టైయరోవా హెడ్ నుంచి ఎగిరిన మొట్టమొదటి ఆల్బట్రాస్ పిల్ల అదే.

తల్లిదండ్రుల మీద నింద

ఈ కాపలా వల్ల పిల్ల బతకడమే కాదు, ఒక పాత నింద కూడా తొలగిపోయింది. ఆల్బట్రాస్ తల్లిదండ్రులు పిల్లకు బాగా కొవ్వు పట్టేదాకా మేపి, ఆ తరువాత చలికాలంలో దాన్ని గూట్లోనే వదిలి వెళ్ళిపోతాయని, పిల్ల నెలల తరబడి పస్తులుండి ఒంట్లోని కొవ్వు కరిగించుకుని చివరకు తనంత తాను ఎగిరిపోతుందని 19వ శతాబ్దం నుంచీ ఒక నమ్మకం ఉండేది. దూర దీవులకు వెళ్ళిన ప్రయాణికులు గూట్లో ఒంటరిగా కూర్చున్న పెద్ద పిల్లను చూసి, దగ్గర్లో తల్లి లేదు గనుక వదిలేసిందని రాశారు. పుస్తకాల్లోకి కూడా అదే ఎక్కింది.

రిచ్‌డేల్ ఒక పూట చూసి వెళ్ళిపోయే మనిషి కాదు. కాళ్ళకు రింగులు ఉన్నందువల్ల ఏది తల్లో ఏది తండ్రో ఆయనకు తెలుసు. పిల్ల పెద్దదైన తరువాత తల్లి, తండ్రి వేర్వేరుగా వందల మైళ్ళ దూరం పోయి ఆహారం తెస్తాయి. రెండూ ఒకేసారి రావు. వచ్చినది పిల్లకు ఆహారం అందించి కొద్ది సేపట్లోనే మళ్ళీ సముద్రం మీదికి పోతుంది. ఆ కాసేపట్లో అక్కడ ఉన్నవాడికి తప్ప తల్లిదండ్రులు కనిపించవు. చలికాలమంతా కూడా ఆ రాకపోకలు సాగుతాయని, పిల్ల ఎగిరే సమయం దగ్గరపడేదాకా మేత అందుతూనే ఉంటుందని ఆయన తన లెక్కలతో నిరూపించారు. 1954లో అమెరికా పక్షిశాస్త్ర పత్రికలో దీని మీద ఆయన వ్యాసం వెలువడింది. పిల్లల కోసం ఊరూరూ తిరిగి సంపాదించిన తల్లిదండ్రుల గురించి, ఇంటి పట్టున కనిపించలేదు కాబట్టి పట్టించుకోలేదని అనడం మనుషుల్లోనూ ఉన్నదే. పక్షుల విషయంలో ఆ నిందను తుడిచేసినవారు రిచ్‌డేల్.

రింగు వల్ల తేలిన మరొక సంగతి ఉంది. పిల్లను విజయవంతంగా పెంచిన జంట మరుసటి ఏడు గూడు పెట్టదు. ఏడాదిపాటు సముద్రం మీదనే గడిపి, ఆపై సంవత్సరం వస్తుంది. కనుక ఒక ఏడాది కొండ మీద ఉన్న పక్షులను లెక్కపెట్టి మొత్తం ఇంతేనంటే తప్పు. సగం ఉద్యోగులు సెలవులో ఉన్న రోజున హాజరుపట్టీ చూసి సిబ్బంది సంఖ్య తేల్చినట్టు ఉంటుంది.

ఫెరో దీవి

ఇక ద్వీపవాసం సంగతి. న్యూజిలాండు దక్షిణపు కొసన స్టూవర్ట్ దీవి ఉంది. దానికీ దక్షిణ దీవికీ నడుమ ఫోవో జలసంధి. ఎప్పుడూ కల్లోలంగా ఉండే నీళ్ళు. అక్కడ ఫెరో అనే చిన్న రాతి దీవి ఉంది. మనుషులు ఉండరు. 1940లలో రిచ్‌డేల్ ఆ దీవి మీద పక్షుల కోసం మకాం వేసేవారు. ఆ దేశంలో వేసవి డిసెంబరు, జనవరి నెలల్లో వస్తుంది. బడులకు పెద్ద సెలవులు అప్పుడే. సముద్రపక్షులు గుడ్లు పొదిగి పిల్లలను సాకే కాలం కూడా అదే. ఈ విధంగా బడి సెలవులకూ పక్షుల కాలానికీ పొత్తు కుదిరింది.

ఫెరో దీవి మట్టి నిండా బొరియలే. టీటీ అని అక్కడి మావోరీ ప్రజలు పిలిచే నల్లని సముద్రపక్షి, ప్రయాన్, డైవింగ్ పెట్రెల్, తెల్ల ముఖపు స్టార్మ్ పెట్రెల్ వంటివి ఆ బొరియల్లో గుడ్లు పెడతాయి. పగలు చూస్తే దీవి నిర్మానుష్యంగా, నిర్జీవంగా ఉంటుంది. చీకటి పడితే చాలు, సముద్రం మీద నుంచి పక్షులు గుంపులుగా దిగుతాయి. తెల్లవారకముందే మళ్ళీ వెళ్ళిపోతాయి. కాబట్టి గమనించేవాడికి రాత్రి నిద్ర ఉండదు. అడుగు తీసి అడుగు వేయడం కూడా జాగ్రత్తగానే, కాలు పడితే బొరియ కూలి లోపలి గుడ్డు పోతుంది. రాత్రి వేళ పక్షిని మెల్లగా పట్టుకోవడం, రింగు అంకె చూడడం, రింగు లేకపోతే తొడగడం, పిల్లను తూకం వేయడం, పుస్తకంలో రాయడం, ఇదీ పని.

టీటీ గుడ్డు పొదగడానికి సుమారు 53 రోజులు, పిల్ల ఎగరడానికి మరో మూడు నెలల పైన పడుతుంది. పిల్ల ఒక దశలో తల్లిదండ్రుల కంటే బరువు తూగుతుంది. ఈ పిల్లలను ఏటా కొద్దికాలం పట్టి నిలవ చేసుకునే హక్కు ఆ ప్రాంతపు మావోరీలకు వంశపారంపర్యంగా ఉన్నది. కనుక ఈ పక్షి ఎంత కాలానికి ఎదుగుతుంది, ఎన్ని పిల్లలు బతుకుతాయి అన్న లెక్క కేవలం పండితుల కాలక్షేపం కాదు. ఒక జాతి ప్రజల జీవనానికి సంబంధించినది. ఫెరో మీద తాను చూసిన ఒక్కొక్క జాతి పక్షి గురించీ రిచ్‌డేల్ వేర్వేరు వ్యాసాలు రాసి ప్రకటించారు. ఆ పక్షుల గురించి అంత వివరంగా అంతకు ముందు ఎవరూ రాయలేదు.

ఈ టీటీలు ఫెరో నుంచి వెళ్ళి ఎక్కడ తిరుగుతాయో రింగుల వల్ల పూర్తిగా తెలిసేది కాదు. 2005లో శాస్త్రజ్ఞులు న్యూజిలాండులో ఈ జాతి పక్షులకు చిన్న యంత్రాలు అమర్చి చూశారు. పసిఫిక్ మహాసముద్రం ఉత్తర భాగం దాకా పోయి తిరిగి వచ్చేసరికి ఒక్కొక్కటి సుమారు 64,000 కిలోమీటర్లు ప్రయాణించినట్టు తేలింది. సాధనాలు మారాయి. కాని ఒక్కొక్క పక్షిని విడివిడిగా గుర్తించి దాని కథ తెలుసుకోవాలనే పద్ధతి రిచ్‌డేల్ నడిచిన దారిదే.

పెంగ్విన్ల జనాభా లెక్క

పసుపు కళ్ళ పెంగ్విన్‌ను మావోరీ భాషలో హోయిహో అంటారు. న్యూజిలాండు ఐదు డాలర్ల నోటు మీద ఒకవైపు ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ గారి బొమ్మ ఉంటే, రెండోవైపు ఈ పక్షి బొమ్మ ఉంటుంది. పిల్లలు న్యూజిలాండులో స్థిరపడి, అక్కడికి వెళ్ళివచ్చిన మన మిత్రులు ఆ నోటు చూసే ఉంటారు. ఈ పెంగ్విన్లు రెండేసి గుడ్లు పెడతాయి. రిచ్‌డేల్ వీటిని 18 ఏళ్ళు వెంబడించడం వల్ల ఒక కొత్త సంగతి బయటపడింది. రెండేళ్ళ వయస్సులో మొదటిసారి గూడు పెట్టిన ఆడపక్షులకు పిల్లలు దక్కడం తక్కువ. వయస్సు, అనుభవం పెరిగిన కొద్దీ ఫలితం మెరుగవుతుంది. జతలు కొన్ని ఏళ్ళ తరబడి కలిసి ఉంటాయి, కొన్ని విడిపోయి వేరే జత కడతాయి. పక్షులన్నీ ఒకటే అనుకుని గుంపుగా లెక్కపెట్టేవాడికి ఇవి ఎన్నటికీ తెలియవు.

ఈ పరిశీలనలతో పెంగ్విన్ల మీద రెండు గ్రంథాలు వెలువడ్డాయి. మొదటిది 1951లో అమెరికాలో, రెండవది 1957లో ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ వారు ప్రచురించారు. సముద్రపక్షుల జనాభాను ఇంత దీర్ఘకాలం, ఒక్కొక్క పక్షి వారీగా లెక్కగట్టిన గ్రంథాల్లో ఆ రెండవది తొలి వరుసలోది. డిగ్రీల చదువు కంటే కాలినడక ఎక్కువ చేసిన ఈ బడి బోధకుడికి న్యూజిలాండు విశ్వవిద్యాలయం డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టం ఇచ్చింది.

ఆ పుస్తకం విలువ ఇప్పుడు ఇంకా పెరిగింది. ఒటాగో తీరంలో హోయిహోల సంఖ్య ఇటీవలి కాలంలో దారుణంగా పడిపోయింది. రోగాలు, సముద్రంలో ఆహారం తగ్గడం, వలల్లో చిక్కుకోవడం, ఇలా కారణాలు అనేకం. ఒకనాడు పరిస్థితి ఎలా ఉండేదో చెప్పడానికి ఆధారం కావలసి వస్తే ఈనాటి శాస్త్రజ్ఞులు రిచ్‌డేల్ లెక్కలనే తీస్తారు. పాత రికార్డు లేకపోతే నష్టం ఎంతో నిర్ణయించడం ఎవరి తరం కాదని మన ఆఫీసుల్లో పనిచేసినవారికి తెలియనిది కాదు.

పద్ధతి విషయంలో ఒక మాట చెప్పాలి. పెంగ్విన్ల రెక్కకు లోహపు పట్టీ తొడిగితే ఈతకు అడ్డమై, వాటి ఆయుష్షు, సంతానం తగ్గుతాయని కింగ్ పెంగ్విన్ల మీద పదేళ్ళు చేసిన పరిశోధన 2011లో తేల్చింది. అందుకే ఇప్పుడు హోయిహోలకు చర్మం కింద చిన్న చిప్ పెడుతున్నారు. ఎగిరే సముద్రపక్షుల కాళ్ళకు మాత్రం రింగులు ఇప్పటికీ వేస్తున్నారు.

బామ్మ

ఇప్పుడు నేను ఈ కథ రాయడానికి ముఖ్య కారణమైన సంగతికి వస్తాను. 1937లో టైయరోవా హెడ్ మీద రిచ్‌డేల్ రింగు తొడిగిన పక్షుల్లో ఒక ఆడ ఆల్బట్రాస్ ఉన్నది. అప్పటికే అది గూడు పెట్టే వయస్సుది. ఈ జాతి పక్షి సుమారు ఎనిమిది, తొమ్మిదేళ్ళు వస్తే గాని గూడు పెట్టదు. అందుచేత ఎంత తక్కువ వేసుకున్నా అది 1928 ప్రాంతంలో, అంటే రిచ్‌డేల్ ఉద్యోగంలో చేరిన ఏడాదికి అటూ ఇటూ పుట్టి ఉండాలి.

ఆయన ఉద్యోగ విరమణ చేశారు. 1982లో బ్రిటిష్ ప్రభుత్వ గౌరవ పురస్కారం ఓ.బి.ఇ. లభించింది. 1983 డిసెంబరు 19న ఆక్లండులో మరణించారు. అప్పటికి ఆ పక్షి ఇంకా టైయరోవా హెడ్‌కు వచ్చిపోతూనే ఉంది. అక్కడివారు దానికి బామ్మ అని పేరు పెట్టారు. రిచ్‌డేల్ పోయిన ఆరేళ్ళకు, 1989లో కూడా అది కనిపించింది. ఆ తరువాత తిరిగి రాలేదు. తక్కువలో తక్కువ 61 ఏళ్ళు. అడవి పక్షి ఒకటి ఇంత కాలం బతుకుతుందని ఆధారంతో రుజువైనది ఆ రింగు వల్లనే. రింగు తొడిగిన నాడు ఆ చేతులకు ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. పూర్తి ఫలితం తేలేసరికి ఆ మనిషే లేడు. అయినా నాడు అంకె రాసిపెట్టాడు కాబట్టి తరువాతివారు ఆ ఖాతా ముగించగలిగారు.

ఈ రికార్డును దాటినది మరొకటి వచ్చింది. పసిఫిక్ మహాసముద్రం మధ్య మిడ్‌వే దీవి మీద 1956లో చాండ్లర్ రాబిన్స్ అనే శాస్త్రజ్ఞుడు ఒక లేసాన్ ఆల్బట్రాస్‌కు రింగు వేశారు. ఆయన కూడా అమెరికా ప్రభుత్వ ఉద్యోగే. 2002లో ఆయనే మళ్ళీ ఆ దీవికి వెళ్ళినప్పుడు అదే పక్షి చేతికి చిక్కింది. విజ్డమ్ అనే పేరుతో ప్రసిద్ధి పొందిన ఆ పక్షి 2024లో సుమారు 74 ఏళ్ళ వయస్సులో కూడా గుడ్డు పెట్టింది. రాబిన్స్ 2017లో కన్నుమూశారు. ఇక్కడా ఖాతా తెరిచిన మనిషి కంటే ఖాతాదారే ఎక్కువ కాలం నిలిచింది.

ఈనాడు

టైయరోవా హెడ్ మీద 1951లో పక్షుల రక్షణకు పూర్తికాలపు ఉద్యోగిని నియమించారు. 1964లో ఆ చోటును రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 1972 నుంచి ప్రజలు వచ్చి చూడడానికి వీలు కల్పించారు. పక్షులకు కనబడకుండా అద్దాల వెనుక నుంచి చూసే ఆ కట్టడానికి రిచ్‌డేల్ పేరు పెట్టారు. గుడ్డు పగిలే సమయంలో ఈగల బాధ లేకుండా దాన్ని తీసి పొదిగే యంత్రంలో ఉంచి, గూట్లో ఉత్తుత్తి గుడ్డు పెడతారు. పిల్ల బయటికి వచ్చాక మళ్ళీ తల్లికి అప్పగిస్తారు. ఎండ ఎక్కువైతే గూళ్ళ మీద నీళ్ళు చిలకరిస్తారు. 1938లో ఒక్క పిల్లతో మొదలైన చోట 2007 నాటికి 500వ పిల్ల పుట్టింది.

మిత్రులారా, రిచ్‌డేల్ గారి జీవితంలో యుద్ధాలు, సాహసాలు, పదవులు లేవు. ఒక ఉద్యోగం, కొన్ని సెలవులు, ఒక నోటుపుస్తకం ఉన్నాయి. ఆదివారం పూట ఆయన కాపలా కాయకపోయినా అడిగేవారు లేరు. ఎవరూ అడగని పనిని ఏళ్ళ తరబడి తేదీ తప్పకుండా చేశారు. మనకు ఇప్పుడు ఆదివారం, సోమవారం తేడా లేదు. కళ్ళజోడు ఉంది, కలం పట్టడం అలవాటైన చెయ్యి ఉంది. మీ వీధి చెట్టు మీదికి ఏ పిట్ట ఏ నెలలో వస్తున్నదో, ఊరి చెరువులో నీరు ఏ తేదీకి ఎంత ఉన్నదో, మామిడి ఏ వారంలో పూత పట్టిందో, మీకు నచ్చినది ఒక్కటి ఎంచుకుని ఒక పుస్తకంలో తేదీ వేసి రాసి పెట్టండి. అది ఎవరికి పనికి వస్తుందో ఇప్పుడే తేలనక్కరలేదు. పుస్తకం ఎక్కడ పెట్టారో మాత్రం ఇంట్లో పిల్లలకు చెప్పి ఉంచండి.